డిస్కు మీద ఆ రెండు మర బెజ్జాలు: ఆరేళ్ల వాడకం తర్వాత

నా కారు బ్రేకు డిస్కుల్లో నాకు ప్రాణమైనవి వీల్ బోల్టుల మధ్య ఉన్న రెండు చిన్న మర బెజ్జాలు. వాటిలో బోల్టులు బిగిస్తే, హబ్బుకి (చక్రం, డిస్కు బిగించే మధ్య భాగం) అతుక్కున్న డిస్కు బయటికి నెట్టుకొస్తుంది. బ్రేకు పట్టు, అరుగుదల గురించి చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు, ఆ జోలికి పోను.

మొదటిసారి డిస్కు మార్చినప్పుడు వాటి సంగతే తెలీదు. తుప్పు నిండిపోయి కంటికి కూడా ఆనలేదు. క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం), దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్, స్టార్ స్క్రూలు అన్నీ ఊడాయి, డిస్కు మాత్రం హబ్బుకి అతుక్కుపోయింది. మధ్యాహ్నమంతా సుత్తితో బాదాను. ఊడింది గానీ, కొన్నాళ్లకే ఆ చక్రం బేరింగు గుయ్‌మని మోగడం మొదలుపెట్టింది. ఆ దెబ్బల వల్లేనని ఇప్పటికీ నా నమ్మకం.

రెండోసారి మేకుతో బెజ్జాల్లో తుప్పు గీకి, నూనె పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దున 8 మి.మీ. బోల్టులు, 1.25 పిచ్‌వి (మర వరుసల మధ్య 1.25 మి.మీ. దూరం), రెండింటిలోకీ చేత్తో తిప్పాను. కొన హబ్బుకి తగిలి ఆగింది. అక్కణ్ణించి పానాతో ఇటు బోల్టు పావు చుట్టు, అటు బోల్టు పావు చుట్టు బిగించాను. నాలుగో విడతకి టప్‌మంది. హబ్బు మెడ చుట్టూ ఎర్రటి పొడి రాలింది, డిస్కు వెనక గోరు దూరేంత సందు కనిపించింది. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన హాయి అంతా ఇంతా కాదు.

ఆ ఉత్సాహంతోనే వెనక డిస్కుకి పోయాను. బోల్టు బిగిస్తూనే ఉన్నాను, డిస్కు జరగలేదు. ఉన్నట్టుండి పానా తేలికైపోయింది: బెజ్జంలో మర మొత్తం ఊడొచ్చింది. పోత ఇనుము మర అంతకంటే ఏం ఓర్చుకుంటుంది? తప్పు తుప్పుది కాదు. ఈ డిస్కు లోపల, హ్యాండ్ బ్రేకు లాగితే లోపలి గోడకి ఒత్తుకునే షూలు ఉంటాయి. అరుగుదలకి లోపలి అంచున గట్టులాంటిది లేచింది, షూలు దానికి తట్టుకుని ఆగిపోయాయి. హ్యాండ్ బ్రేకు దించి, రబ్బరు మూత తీసి, లోపలి పళ్ల చక్రాన్ని స్క్రూడ్రైవర్‌తో వెనక్కి తిప్పాక షూలు వదులయ్యాయి. మర పోయింది కాబట్టి, బ్రాకెట్ బిగించే చెవి బెజ్జంలోంచి పొడవాటి బోల్టు, నట్టు పెట్టి, డిస్కుని వెనకనుంచి నెట్టాను. కాస్త నెట్టడం, డిస్కుని కాస్త తిప్పడం, మళ్లీ నెట్టడం. అలా నెడితే డిస్కు ముఖం పాడవుతుంది. ఎలాగూ పారేసేదే కనక సరిపోయింది.

సుత్తితో పనే లేదని ఇదివరకు చాలామందికి చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. బోల్టులు బిగువు మీద ఉండగా వీల్ బోల్టుల మధ్య రబ్బరు సుత్తితో నాలుగు తట్లు తడితే త్వరగా వదులుతుంది. ఇంకొకటి, బోల్టు కొన హబ్బు ముఖం మీద గంటు పెడుతుంది. దాని గట్టుని ఆకురాయితో సాపు చెయ్యకుండా కొత్త డిస్కు ఎక్కిస్తే అది వంకరగా కూర్చుంటుంది. చాలా కార్లలో 0.05 మి.మీ. వంకరకే కొన్నాళ్లకి పెడల్ కింద అదురు తెలుస్తుంది.

నా కారు ఎక్కువగా బయటే తడుస్తుంది, వారానికి రెండుసార్లు మించి కదలదు. రోజూ నడిచే కారుకి ఇంత అవసరం పడకపోవచ్చు, కొన్ని డిస్కులకి ఈ బెజ్జాలే ఉండవు. నేనైతే ఏటా ప్యాడ్లు చూసేటప్పుడు డిస్కు కూడా విప్పి, హబ్బుని వైరు బ్రష్‌తో రుద్ది, మెడ చుట్టూ యాంటీ సీజ్ (తుప్పుకి అతుక్కుపోకుండా రాసే జిడ్డు) పల్చగా రాస్తున్నాను. ఆ రెండు బోల్టుల్నీ నూనె గుడ్డలో చుట్టి విడిగా దాచాను.