ఏరేటర్లకు డ్రైవ్ కొంటున్న రొయ్యల రైతులు ఒకసారి చదవండి

మాది అల్లూరు మండలం. కరెంటు ఆదా అవుతుందని చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకు నెల్లూరులో ఒక షాపులో డ్రైవ్ (మోటార్ల వేగం తగ్గించి పెంచే పెట్టె) కొన్నాను. షాపు పేరు రాయను. ‘సీల్డ్ పీసన్నా, ఏడాది వారంటీ’ అన్నాడు. బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తానంటే సరేనన్నాను. అక్కడే దెబ్బతిన్నా.

పగలు రెండు ఏరేటర్లు తిరిగితే ఏమీ కాదు. రాత్రి నాలుగూ వేస్తే గంటన్నరకల్లా ట్రిప్. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కదా. ఒకరోజు నాలుగింటికి టార్చి వేస్తే గట్టు వెంబడి రొయ్యలు పైకి తేలుతున్నాయి. ఆ టెన్షన్ పగవాడికీ వద్దు.

షాపులో మల్టీమీటర్ పెట్టి ‘అంతా గుడ్, మీ లైన్లో ఓల్టేజే సరిగా లేదు’ అని పంపేశారు. మా మేనల్లుడు చెన్నైలో బోర్డులు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాడు. లోపలి పవర్ మాడ్యూల్ (మోటార్లకు కరెంటు పంపే చిప్పులున్న భాగం) ఊడదీసి వాడికి పంపాను. దాన్ని నీళ్లలో పెట్టి అల్ట్రాసౌండ్ స్కాన్ తీశాడు. కడుపు స్కాన్ లాంటిదే, అక్కడ జెల్లు, ఇక్కడ నీళ్లు. గాలి అడ్డొస్తే ఆ శబ్దం ముందుకు పోదు, దాదాపు అంతా వెనక్కి తిరిగొస్తుంది. అందుకే లోపల సన్నటి ఖాళీ ఉన్నా పట్టేస్తుంది. అంత పలచటి పగులు ఎక్స్‌రేకి చాలాసార్లు దొరకదట.

ఫొటోలో చిప్ కింద టంకం ఒకే రంగులో ఉండాలి. మాదాంట్లో దోసె మీద చిల్లుల్లాగా అన్నీ తెల్లమచ్చలే. మచ్చ అంటే లోపల ఖాళీ, అక్కడ వేడి కిందికి దిగదు. చల్లగా ఉన్నప్పుడు మీటర్‌కి అంతా బాగానే కనిపిస్తుంది, లోడ్ పడ్డాక చిప్ కాగిపోతుంది.

మచ్చలున్నంత మాత్రాన పాత సరుకని చెప్పలేం, కంపెనీలోనే టంకం సరిగా పడకపోయి ఉండొచ్చు అన్నాడు మేనల్లుడు. సరే. కానీ కొత్త డ్రైవ్‌లో మాడ్యూల్ కింద వేడి దిగడానికి పూసే తెల్ల పేస్టు ఎండి పెచ్చులుగా ఊడింది, స్క్రూల తలలు అరిగి ఉన్నాయి. దానికేమంటారు?

ఫొటో చూపిస్తే షాపువాడు ‘డ్రైవ్‌కి కడుపొచ్చిందా అన్నా, స్కాన్ తీయించావ్?’ అని నవ్వాడు.

ప్రతి డ్రైవ్‌నీ స్కాన్ చేయించలేం. స్క్రూలు చూడండి, సీరియల్ నంబరుతో బిల్లు అడగండి, కొన్న వారంలోనే ఫుల్ లోడ్ మీద రాత్రంతా నడిపి చూడండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేద్దామన్నా నా చేతిలో బిల్లు లేదు. ప్రస్తుతానికి పాత స్టార్టరే మళ్లీ బిగించాను.