సినిమాల సర్వర్ కోసం మినీ పీసీ కొన్నా, 8 నెలల వాడకం

ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న మినీ పీసీ, 16 జీబీ ర్యామ్, లైనక్స్ వేసి జెల్లీఫిన్ (మన సినిమాల్ని టీవీకి, ఫోన్లకి పంపే సాఫ్ట్‌వేర్) పెట్టా. మొదటి రెండు నెలలు చాలా బాగుంది, 4కే సినిమా అయినా ఇంట్లో టీవీలో నేరుగా ఆడుతుంది, అప్పుడు ప్రాసెసర్‌కి పనే ఉండదు. అసలు గొడవ అమ్మవాళ్లు ఊళ్లో ఫోన్‌లో చూడటం మొదలుపెట్టాక వచ్చింది, అక్కడ నెట్ స్లో కాబట్టి సర్వర్ వీడియోని అప్పటికప్పుడు చిన్నది చేసి పంపాలి, ఆ పని గ్రాఫిక్స్ చిప్ చేస్తుంది, అంతవరకు ఓకే కానీ గంట గంటన్నర అయ్యేసరికి మెషీన్ మొత్తం ఫ్రీజ్, పవర్ బటన్ నొక్కి పట్టుకోవాల్సిందే.

చిప్‌దే తప్పు అనుకుని వారం రోజులు డ్రైవర్లు మార్చా. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (అంటే ఆ పని గ్రాఫిక్స్ చిప్‌కి ఇవ్వడం) ఆపేస్తే ఒక్క 4కే సినిమాకే నాలుగు కోర్లూ 100 శాతం, వీడియో ఆగి ఆగి వచ్చేది. చివరికి లాగ్ చదివితే తెలిసింది, ఎస్ఎస్‌డీ అరిగిపోకుండా ఉంటుందని ట్రాన్స్‌కోడ్ ఫోల్డర్‌ని (చిన్నది చేసిన వీడియో ముక్కలు దాచే చోటు) నేనే ర్యామ్‌లో పెట్టా, సినిమా నడిచేకొద్దీ ఆ ముక్కలు పేరుకుపోయి మెమరీ నిండిపోతోంది. ఫోల్డర్ ఎస్ఎస్‌డీకి మార్చా, చూసేసిన ముక్కల్ని తీసేసే ఆప్షన్ కూడా ఆన్ చేశా. ఆరు నెలలైంది, ఒక్క క్రాష్ లేదు.

బొమ్మల రకం సబ్‌టైటిల్స్ పెడితే మాత్రం ఇప్పటికీ స్టార్ట్ అవ్వడానికి టైమ్ పడుతుంది, అవి వీడియోలోనే అచ్చేసి పంపాలి కదా, ఎస్ఆర్‌టీ ఫైల్ (మామూలు అక్షరాల సబ్‌టైటిల్స్) ఉంటే అదే వాడండి. ఫ్యాన్ సౌండ్ తక్కువే. నేనైతే 4 స్టార్లు ఇస్తా.