హేమకుండ్ సరస్సు: దారి ఒకటే, నెలకో తీరు

బద్రీనాథ్ వెళ్లే మనవాళ్లు చాలామంది గోవింద్‌ఘాట్‌లో టీ తాగి మళ్లీ బస్సెక్కేస్తారు. ధామ్ అక్కడికి ఇంకో 25 కిలోమీటర్లే కదా అని. అదే గోవింద్‌ఘాట్‌లో అలకనంద దాటి లోయలోకి తిరిగితే, 4,329 మీటర్ల ఎత్తున హేమకుండ్ సరస్సు, దాని ఒడ్డున గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. రెండు మూడు రోజులు ఎక్కువ పెట్టుకుంటే చూసి రావచ్చు. కానీ ఎక్కడ దిగాలి, ఏ గది తీసుకోవాలి అన్నవాటికంటే ముందు ఏ నెలలో వెళ్లాలో తేల్చుకోవాలి. మే ఆఖర్లో ఎక్కే దారి, ఆగస్టులో ఎక్కే దారి పేరుకే ఒకటి.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా 4 కిలోమీటర్లు జీపులో పోవచ్చు. అక్కడినుంచి రాత్రి బస చేసే ఊరు ఘాంగరియాకి సుమారు 10 కిలోమీటర్ల నడక. రాళ్లు పరిచిన వెడల్పాటి బాట, దారిపొడవునా టీ బడ్డీలు. భ్యూండార్ ఊరు దాటేదాకా సాఫీగానే ఉంటుంది, ఆ తర్వాత ఏరు దాటి నిటారు ఎక్కుడు. మామూలు నడక అలవాటున్నవాళ్లకి ఐదారు గంటలు పడుతుంది. ఘాంగరియా ఎత్తు దాదాపు 3,050 మీటర్లు. మర్నాడు 6 కిలోమీటర్లలోనే ఇంచుమించు 1,280 మీటర్లు ఎక్కాలి. యాత్రలో అసలు కష్టం ఇక్కడే.

2024, 2025 రెండేళ్లూ యాత్ర మే 25న మొదలై అక్టోబర్ 10న ముగిసింది. తెరిచే ముందు ఆర్మీ జవాన్లు వారాల తరబడి మంచు తవ్వి దారి చేస్తారు. మొదటి రోజుల్లో ఆ దారి రెండుపక్కలా మంచుగోడల మధ్య కాలువలా ఉంటుంది. ఘాంగరియా నుంచి సరస్సుకి ఎక్కే దారిలో అట్లాకోటి దగ్గర పైనుంచి జారి పేరుకున్న మంచును అడ్డంగా దాటాలి. తెల్లవారుజామున అది గడ్డకట్టి గాజులా ఉంటుంది. బూటు అడుగున గొలుసుతో పళ్లున్న మైక్రోస్పైక్స్ తొడిగితే కాలు నిలుస్తుంది. మామూలు స్పోర్ట్స్ షూ అయితే మడమ ఆనించగానే జారుతుంది. ఎండెక్కాక వరస మారుతుంది. పైపొర మెత్తబడి, అడుగు వేయగానే పెళుక్కున విరిగి కాలు మోకాలిదాకా దిగిపోతుంది. అడుగున నీళ్లు పారుతుంటే మంచు పైకి గట్టిగా కనిపిస్తూ లోపల డొల్లగా ఉంటుంది. పక్కనుంచి నీటి చప్పుడు వినిపిస్తే తవ్విన బాట వదిలి ఒక్క అడుగు కూడా అటు వేయకూడదు. 2023 జూన్‌లో ఇదే అట్లాకోటి దగ్గర సాయంత్రం పూట మంచు విరిగిపడి, కిందికి దిగుతున్న యాత్రికుల్లో ఒకరు చనిపోయారు. తెల్లారేసరికి బయల్దేరి, మధ్యాహ్నానికి ఆ చోటు దాటి వెనక్కి వచ్చేయమనేది అందుకే. ఆ రోజుల్లో సరస్సు కూడా గడ్డకట్టే ఉంటుంది. నీలం నీళ్లలో కొండల నీడ చూడాలనుకునేవాళ్లు మే, జూన్ మానుకోవడమే మేలు.

జులై, ఆగస్టుల్లో మంచు బెడద తీరి వాన బెడద మొదలవుతుంది. తడిసిన రాళ్లమీద గుర్రాల పేడ కలిసి పల్చటి బురద పొర కడుతుంది. పడేవాళ్లు ఎక్కువగా పడేది దానిమీదే, అదీ దిగేటప్పుడు. చేతికర్రకి రాతిమీద రబ్బరు తొడుగు ఉంచాలి, మంచుమీద తీసేయాలి. గుర్రం ఎదురైతే కొండవైపుకి జరిగి నిలబడాలి. లోయవైపు నిలబడితే దాని మూట తగిలినా చాలు, కిందికి తోసేస్తుంది. పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు మొదటి రోజుకే చిరుగుతుంది. బ్యాగుతో సహా కప్పే పోంచో నయం. జీన్స్ వద్దే వద్దు, తడిస్తే రెండు రోజులైనా ఆరదు. బూట్లలో రాత్రి పాత పేపర్లు కుక్కి ఉంచితే తెల్లారేసరికి కనీసం తొడుక్కునేలా ఉంటాయి.

ఇంత తడిలోనూ జనం వెళ్లేది పూల కోసం. సరస్సు దగ్గరపడే కొద్దీ బండల మధ్య బ్రహ్మకమలాలు కనిపిస్తాయి. మన బాల్కనీల్లో రాత్రిపూట పూసే బ్రహ్మకమలం అమెరికా ఖండాల నుంచి వచ్చిన జెముడు జాతి మొక్క, దీనికీ దానికీ చుట్టరికం లేదు. ఇది జానెడు మొక్క. కాగితంలా పల్చటి లేత ఆకుపచ్చ రేకుల్లాంటి ఆకులు దొప్పలా ముడుచుకుని ఉంటే, అసలు పువ్వులు లోపల ఊదారంగు గుత్తిగా దాక్కుంటాయి. కోయకండి.

నా ఓటు మాత్రం సెప్టెంబరు రెండో సగానికి. వాన తగ్గుతుంది, ఆకాశం తేటపడుతుంది, ఘాంగరియాలో గదులు బేరానికొస్తాయి. పూలు చాలావరకు అయిపోతాయి, అదొక్కటే లోటు. అక్టోబరులో తెల్లవారుజామున మెట్లమీద కంటికి కనపడని మంచుపొర ఉంటుంది, ఎండ పడేదాకా మెల్లగా నడవాలి.

బసకి ఘాంగరియాలో మూడు దారులు. గురుద్వారాలో పడకకి డబ్బులడగరు, తోచింది హుండీలో వేయవచ్చు. దుప్పట్లు ఇస్తారు, అందరికీ ఉచితంగా వడ్డించే వంటశాల లంగర్‌లో వేడి భోజనం. ఒంటరిగా వెళ్లేవాళ్లకి దీన్ని మించింది లేదు. జూన్ రద్దీలో మాత్రం హాల్లో పక్కమీద పక్క, నిద్ర అంతంతమాత్రం. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ (జీఎంవీఎన్) అనే ప్రభుత్వ సంస్థ అతిథి గృహం ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. పెద్దవాళ్లతో వెళ్తే అదే మంచిది. ప్రైవేటు హోటళ్లలో డబ్బు ఇచ్చేముందు పరుపుమీద చెయ్యి పెట్టి చూడండి, వానాకాలంలో సగం గదుల్లో చెమ్మ. వేడినీళ్లు బకెట్ లెక్కన అమ్ముతారు. నగదు దగ్గరుంచుకోండి, సిగ్నల్‌ని నమ్ముకుని పేమెంట్ యాప్‌తో వెళ్తే ఇబ్బంది.

పైన సరస్సు దగ్గర రాత్రి ఉండనివ్వరు. మధ్యాహ్నం రెండింటికల్లా అందర్నీ దింపేస్తారు. ఉదయం ఐదింటికి బయల్దేరితే పది, పదకొండుకి చేరతారు. లంగర్‌లో స్టీలు గ్లాసులో టీ, వేడి కిచిడీ. ఆ చలిలో ఆ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటే చాలాసేపు వదలబుద్ధి కాదు. చివర్లో వెయ్యికి పైగా మెట్లున్న అడ్డదారి, చుట్టూ తిరిగే గుర్రాల బాట విడిపోతాయి. ఎక్కేటప్పుడు ఓపిక ఉంటే మెట్లు ఎక్కండి. వాన పడుతుంటే దిగడానికి మాత్రం చుట్టుదారే, మోకాళ్లు మిగులుతాయి.

నడవలేనివాళ్లకి గుర్రం, బుట్టలో మోసే కండీ, మన శబరిమల డోలీలాంటి డండీ దొరుకుతాయి. ఘాంగరియా వరకేనా, పైదాకానా, తిరుగు ప్రయాణం కలిపేనా అని ముందే మాట్లాడుకోవాలి. పేచీలన్నీ అక్కడే వస్తాయి. యాత్ర మొదట్లో మంచు ఉన్నచోటే గుర్రాల్ని ఆపేస్తారు, ఆపైన నడకే.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో 60 శాతమే. ఘాంగరియా చేరిన మర్నాడే హేమకుండ్ ఎక్కకుండా, ముందు ఘాంగరియా దగ్గరి పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) చూసి ఆ మర్నాడు ఎక్కితే ఒంటికి అలవాటవుతుంది. ఆ లోయ దారి దీనంత నిటారుగా ఉండదు, జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచి ఉంటుంది. తలనొప్పికి తోడు వాంతి వచ్చినా, నడక తూలినా మాత్ర మింగి ముందుకు పోవద్దు, వెంటనే దిగండి. ఐదారు వందల మీటర్లు దిగితే చాలామందికి తేడా తెలుస్తుంది.

రిషీకేశ్ నుంచి గోవింద్‌ఘాట్ సుమారు 270 కిలోమీటర్లు, ఒక్క పగలు పూర్తిగా పడుతుంది. వానల్లో కొండచరియలు పడి రోడ్డు గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా మూసుకుపోతుంది. జులై, ఆగస్టుల్లో వెళ్తే తిరుగు రైలుకి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. ఆ రోజు మిగిలిపోతే బద్రీనాథ్ ఎటూ 25 కిలోమీటర్లే.