పద్నాలుగు రోజులు జేబులో మోసిన సెన్సింగ్ యాప్: 5కి 3

మనుషుల రోజువారీ అలవాట్ల మీద పరిశోధన చేసే ఒక బృందం ఇచ్చిన యాప్ ఇది. పేరు రాయను, తిట్లు కొన్ని ఉన్నాయి కాబట్టి. ఇన్‌స్టాల్ చేసుకుని 14 రోజులు ఎప్పటిలాగే ఉంటే చాలన్నారు. నేను ఎప్పుడు నడిచాను, ఎప్పుడు పడుకున్నాను, ఎప్పుడు నలుగురిలో ఉన్నాను అన్నది ఫోన్‌లోని సెన్సర్లే రాసుకుంటాయి, మధ్యమధ్యలో "ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఎలా ఉంది" అని రెండు ప్రశ్నలు వస్తాయి, అంతే.

మొదలుపెట్టడమే పెద్ద పని. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, మైక్ ఇవ్వాలి, ఏ యాప్ ఎంతసేపు వాడానో చూసే అనుమతి సెట్టింగ్స్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది, అది వెతికి ఇవ్వాలి, చివరికి బ్యాటరీ సేవర్ నుంచి కూడా దీన్ని తప్పించాలి. అరగంట పట్టింది. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, ఏ అనుమతి ఎందుకో పక్కనే ఒక్క ముక్కలో రాశారు. మైక్ మాటల్ని రికార్డ్ చేయదు, దగ్గర్లో మనిషి గొంతు ఉందా లేదా అని ఫోన్‌లోనే తేల్చుకుని ఆ జవాబు మాత్రం పంపుతుందన్నారు. అయినా మా చెల్లి రెండు రోజులు నా ఫోన్ దగ్గర నోరు విప్పలేదు. తన తప్పేం లేదు, ఒప్పుకుని సంతకం పెట్టింది నేను, తను కాదు కదా.

ఇక పనితనం. ఫోన్‌ని బల్ల మీద కదలకుండా పెట్టినా యాక్సెలరోమీటర్, అంటే కదలికని కొలిచే సెన్సర్, 9.8 దగ్గర చూపిస్తుంది, అది భూమి ఆకర్షణ. నడిస్తే ఆ అంకె ఒక లయలో ఊగుతుంది, బండిలో వెళ్తే ఇంకోలా అదురుతుంది, ఆ తేడా పట్టుకునే ఇది నడక, ప్రయాణం, విశ్రాంతి అని పేర్లు పెడుతుంది. నడకలో ఎక్కడా తప్పు దొరకలేదు. బస్సు దగ్గరే తంటా, సిగ్నల్ పడిన ప్రతిసారీ నన్ను "విశ్రాంతి"లో పడేసి మళ్లీ "ప్రయాణం"లోకి లాగింది. ఆదివారం ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అటక సర్దాను, నడుం పడిపోయింది, రాత్రి చూస్తే ఆ పూటంతా విశ్రాంతి అని ఉంది! విశ్రాంతి తీసుకుంది నేను కాదు మహాప్రభో, ఫోన్. ఒంటరిగా టీవీ చూసిన మూడు గంటలు కూడా "సంభాషణ" ఖాతాలో పడ్డాయి.

నిద్ర సంగతి వేరు, దాని గురించి కాస్త చెప్పాలి. స్క్రీన్ ఆగింది, గది చీకటి, ఫోన్ కదల్లేదు, చార్జర్ పెట్టి ఉంది, ఇవన్నీ కలిస్తే పడుకున్నట్టు లెక్క. ఒక రాత్రి ఏదో టెన్షన్‌తో రెండింటి దాకా ఫ్యాన్ వంక చూస్తూ పడుకున్నాను, యాప్ లెక్కలో మాత్రం 11:10కే నిద్ర. పొద్దున వచ్చిన ప్రశ్నకి "అస్సలు నిద్ర లేదు" అని నొక్కాను. మొదట ఇదేం యాప్ అని విసుక్కున్నా, తర్వాత అనిపించింది, ఈ రెండూ కొట్టుకునే చోటే కదా అసలు విషయం ఉన్నది. నోటిమాటకి కూడా నమ్మకం ఏముంది, రోజుకి 40 సార్లు ఫోన్ తీస్తానేమో అనుకునేవాణ్ణి, వచ్చిన లెక్క 112. అక్కడ నాది తప్పు, యాప్‌ది కాదు.

ఈ తరహా పరిశోధన నిన్నామొన్నటిది కాదు. 2004లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయం వాళ్లు 100 మందికి నోకియా 6600 ఫోన్లు ఇచ్చి, బ్లూటూత్‌తో ఎవరు ఎవరి దగ్గర ఉంటున్నారో చూశారు. 2013లో అక్కడి డార్ట్‌మత్ కాలేజీలో 48 మంది విద్యార్థుల ఫోన్లని పది వారాలు గమనించి నిద్ర, ఒత్తిడి, మార్కులతో పోల్చారు. అప్పటికంటే ఇప్పుడు సెన్సర్లు మెరుగే, కానీ ఫోన్లే యాప్‌ల మెడ మీద కత్తి పెట్టి కూర్చున్నాయి. ఆండ్రాయిడ్ 6 నుంచి కదలని ఫోన్ తనంతట తనే మత్తులోకి జారుకుని వెనక నడిచే యాప్‌లని ఆపుతుంది. బ్యాటరీ సేవర్ నుంచి తప్పించినా సరే, నా ఫోన్‌లో ఆరో రోజు తొమ్మిది గంటలు ఏమీ నమోదు కాలేదు. ఐఫోన్‌లో అయితే ఎవరికి కాల్ చేశారన్న చిట్టా మామూలు యాప్‌కి దొరకదు. అలాంటప్పుడు రెండు రకాల ఫోన్లవాళ్లనీ ఒకే పట్టికలో ఎలా కలుపుతారని ఆ బృందాన్ని అడిగితే, కలపం, విడివిడిగా చూస్తామన్నారు. నిజాయితీగానే చెప్పారు.

నాకు నచ్చనిది "పేరు తీసేస్తాం, భయం లేదు" అన్న మాట. 15 లక్షల మంది మొబైల్ డేటా మీద 2013లో వచ్చిన పరిశోధన ఒకటుంది, ఎప్పుడు ఎక్కడ ఉన్నారన్న వివరాలు నాలుగు తెలిస్తే చాలు, 95 శాతం మందిని గుంపులోంచి వేరు చేయవచ్చని తేలింది. రాత్రి ఎక్కడ ఉంటాను, పగలు ఎక్కడ ఉంటానన్నది చూస్తే చాలదా, పేరుతో పనేముంది? గంటసేపు ఆపే బటన్ ఒకటి ఇచ్చారు, మంచిదే, రెండుసార్లు నొక్కాను, ఎందుకో చెప్పను. కానీ నేను ఆపిన సంగతి కూడా టైముతో సహా నమోదైంది.

రెండు స్టార్లు కోసింది బస్సుకీ టీవీకీ కాదు. యాప్ తీసేస్తే డేటా పోతుందనుకున్నాను, పోదు, విడిగా మెయిల్ పెట్టాలట, అది ఒప్పంద పత్రంలో చివరి పేజీలో ఉంది. చేరేవాళ్లు ముందు ఆ పేజీ చదివి, తర్వాత మొదటి పేజీకి వెళ్లండి.