హిమాయత్‌నగర్‌లో నాలుగు శనివారాలు, నాలుగు కుంగ్‌ఫూ చిత్రాలు

హిమాయత్‌నగర్‌లోని ఒక చిన్న ప్రదర్శనశాల వారు గత నెల నాలుగు శనివారాల పాటు పాత హాంకాంగ్ మార్షల్ ఆర్ట్స్ చిత్రాలను ప్రదర్శించారు. 40 కుర్చీల గది, 150 రూపాయల టికెట్, చిత్రం ముగిశాక అరగంట చర్చ. ఈ చిత్రాలలో ఎవరెవరికి చోటు దొరికింది, దొరికిన చోటు చివరి రీలు దాకా నిలిచిందా అన్న ప్రశ్నతోనే వీటిని ఎంపిక చేశామని నిర్వాహకులు మొదటి రోజే చెప్పారు. మొదటి, మూడవ వారాల చిత్రాలు బాగానే ఉన్నా ఆ ప్రశ్నకు దూరంగానే ఉండిపోయాయి. మిగిలిన రెండు వారాలు మాత్రం టికెట్ ధరకు మించిన విలువ ఇచ్చాయి.

రెండవ వారం వేసినది 1966లో షా బ్రదర్స్ సంస్థకు కింగ్ హు తీసిన ‘కమ్ డ్రింక్ విత్ మి’. కథానాయిక చెంగ్ పెయ్‌పెయ్‌కు అప్పటికి 20 ఏళ్లు. చిన్ననాట ఆమె నేర్చినది బ్యాలే నృత్యం. సత్రంలో బందిపోట్లు చుట్టూ మూగినప్పుడు పురుషవేషంలో తొణకక కూర్చున్న ఆమె, లేచి కత్తి దూసిన క్షణం నుంచి ఆ నృత్యశిక్షణ ప్రతి అడుగులోనూ ఎలా పలుకుతుందో పెద్ద తెర మీద చూసినప్పుడే తెలుస్తుంది. అయితే తరువాతి కథలో ఆమె గాయపడుతుంది, తాగుబోతుగా తిరిగే ఒక వీరుడు ఆమెను కాపాడతాడు, దుష్టుడైన మఠాధిపతితో జరిగే ఆఖరి పోరు కూడా అతనికే దక్కుతుంది. అంతటి వీరనారిని మన ముందు నిలిపిన చిత్రమే ఆమెను పక్కకు తప్పించడం నన్ను నిజంగా బాధించింది.

నాలుగవ వారం 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’. బ్రూస్ లీ కోసం ఎన్నిసార్లు చూసినవారైనా ఈసారి జిమ్ కెల్లీని గమనించమని నిర్వాహకులు ముందుగా కోరడం ఎంతో మంచి పని. ఆఫ్రికన్ అమెరికన్ కరాటే విజేత అయిన కెల్లీ ఇందులో విలియమ్స్. అమెరికాలో తెల్ల పోలీసుల వేధింపును ఎదిరించి బయలుదేరిన విలియమ్స్, హాంకాంగ్‌లో పడవ మీద వెళుతూ పేదల బతుకులు చూసి, మురికివాడలు ప్రపంచమంతటా ఒకటేనని అంటాడు. రెండు జాతుల పేదరికాన్ని ఒక్క మాటతో కలిపిన ఆ మనిషి కథ మధ్యలోనే ప్రతినాయకుడి చేతిలో చనిపోతాడు. తెల్లజాతి మిత్రుడు రోపర్ చివరిదాకా బతుకుతాడు. బ్రూస్ లీ సోదరిగా కనిపించే ఏంజెలా మావో పాత్ర సైతం అతని పగకు కారణంగానే మిగిలిపోతుంది.

ప్రదర్శనలో లోపాలున్నాయి. రెండవ వారం మూలభాష అయిన మాండరిన్ చైనీస్ ప్రతికి బదులు ఇంగ్లీషు డబ్బింగ్ వేశారు. ఆ కాలపు హాంకాంగ్ చిత్రాలలో మాటలను చిత్రీకరణ తరువాతే చేర్చేవారు కనుక మూలం కూడా డబ్బింగేనని నిర్వాహకుల సమాధానం. అది నిజమే గానీ, తెర మీద ఎవరికి చోటు దొరికిందో మాట్లాడుకుందామని పిలిచి, వారి భాషనే వినిపించకపోవడం సరికాదు. గది నేల సమతలంగా ఉండటం వల్ల వెనుక వరుసలకు సబ్‌టైటిల్స్ కనబడవు. పావుగంట ముందే వెళ్లి ముందు వరుసలో కూర్చోవాలి.

చర్చలో ఒక పెద్దావిడ, పోలీసు అధికారిగా నటించి విజయశాంతి జాతీయ ఉత్తమ నటి పురస్కారం పొందిన 1990 నాటి ‘కర్తవ్యం’ను గుర్తుచేశారు. వచ్చే విడతలో ఆ చిత్రాన్నీ చెంగ్ పెయ్‌పెయ్ చిత్రాన్నీ ఒకే రోజు వేయమని, రెండవదాన్ని మాండరిన్‌లోనే వేయమని సూచనల పుస్తకంలో రాసి వచ్చాను.