కంట్రీ బ్లూస్ గిటార్‌కు ట్యాబ్, వీడియో పాఠాలు, పాత రికార్డులు: కొన్నేళ్ల వాడకం తరువాత సమీక్ష

అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లజాతి గాయకులు 1920, 30 దశకాల్లో ఒంటి గిటార్‌తో పాడి రికార్డు చేసిన కంట్రీ బ్లూస్‌ను నేర్చుకోవడానికి నేను కొన్నేళ్లుగా మూడు సాధనాలను వాడుతున్నాను: ఏ తీగ మీద ఏ ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) నొక్కాలో అంకెల్లో చూపే ట్యాబ్, డబ్బు చెల్లించి కొనుక్కొనే వీడియో పాఠాలు, శ్రుతి మారకుండా వేగాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్‌తో వినే పాత రికార్డులు. విశాఖపట్నంలో ఈ బాణీ నేర్పే గురువు నాకు దొరకలేదు కనుక పూర్తిగా వీటి మీదే ఆధారపడ్డాను. మొదటి స్థానం రికార్డులకూ, రెండవది వీడియోలకూ, చివరిది ట్యాబ్‌కూ ఇస్తాను. కొత్తవారిలో చాలామంది ఈ వరుసను తలకిందులుగా పాటిస్తున్నారు కాబట్టి కారణం వివరంగా చెప్పాలి.

ఈ సంగీతానికి ప్రాణం కుడిచేతి బొటనవేలు. మిసిసిపీ జాన్ హర్ట్ పాటల్లో ఆ వేలు మంద్ర తీగల మధ్య మారుతూ, పాట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా నిలకడగా మోగుతూనే ఉంటుంది. మిగిలిన వేళ్లు పై తీగల మీద పలికించే స్వరాల్లో కొన్ని ఆ దెబ్బతో కలిసి, కొన్ని రెండు దెబ్బల నడుమ పడతాయి. తాళపు తీగలను చిటికెనవేలితో మీటుతూ మిగతా వేళ్లతో కృతి వాయించే వీణ విద్యార్థికి ఈ విభజన కొత్త కాదు, కానీ ఇక్కడ బొటనవేలికి విశ్రాంతి ఉండదు. ఆ దెబ్బ ఎంత బరువుగా పడాలో, అరచేతి అంచుతో తీగను ఎంత అదిమి ఉంచాలో, నడుమ పడే స్వరం ఎంత ఆలస్యంగా రావాలో ట్యాబ్ చెప్పదు. అదే ట్యాబ్‌ను కంప్యూటర్ చేత వాయింపిస్తే స్వరాలన్నీ సమాన దూరంలో పడి, పాటలోని ఊగు పూర్తిగా పోతుంది.

అందువల్ల నేను ఒక చరణాన్ని సగం వేగంలో పెట్టి, ముందు బొటనవేలిని మాత్రమే వింటాను. దాన్ని నోటితో పలకగలిగాకే గిటార్ తీస్తాను. ఈ సాధనకు హర్ట్ కంటే మంచి ఆరంభం నాకు తెలియదు. ఆయన 1928లో ఓకే (Okeh) అనే రికార్డు కంపెనీకి పాటలు రికార్డు చేసి, తరువాత దశాబ్దాల పాటు సొంత ఊరు అవలాన్‌లోనే ఉండిపోయారు. 1963లో బ్లూస్ అభిమానులు ఆయనను అక్కడ వెతికి పట్టుకున్నారు. 1966లో మరణించేలోపు మళ్లీ విస్తారంగా రికార్డు చేయడం వల్ల, ఒకే మనిషి చేతిని రెండు వయసుల్లో వినే అవకాశం మనకు దక్కింది. తరువాతి రికార్డులు స్పష్టంగా ఉంటాయి కాబట్టి వాటితో మొదలుపెట్టి 1928కి వెళ్లడం మేలు.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల శ్రుతి తరచుగా రెండు స్వరస్థానాల నడుమ ఎక్కడో ఉంటుంది. గిటార్‌ను దానికి సరిపెట్టే బదులు సాఫ్ట్‌వేర్‌లోనే శ్రుతిని కాస్త జరపండి.

వీడియో పాఠాల విలువ ఎడమచేతి విషయంలో తెలుస్తుంది. ఎఫ్ కార్డ్‌లో (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు) ఎడమ బొటనవేలిని మెడ పైనుంచి వంచి ఆరవ తీగను నొక్కడం చెవితో పట్టుకోవడం కష్టం. అయితే నేను కొన్న పాఠాల్లో చాలావాటిలో బోధకులు ప్రతి చరణాన్నీ సరిగ్గా పన్నెండు బార్లకు (బార్ అంటే తాళపు ఆవర్తనం లాంటి కొలత) కత్తిరించి నేర్పారు. అదే కాలపు గాయకుడు బ్లైండ్ లెమన్ జెఫర్సన్ వాయించే తీరు అలా ఉండదు. పాడిన వాక్యం ముగిశాక ఆయన గిటార్ తనకు కావలసినంత సేపు జవాబు చెబుతుంది, లెక్క దాని వెంట నడుస్తుంది. ఆ స్వేచ్ఛను తీసేసిన పాఠం నాకు అసంపూర్ణంగానే అనిపిస్తుంది.

పాఠాల కంటే నాకు ఎక్కువ నేర్పినవి 1960ల నాటి చిత్రీకరణలు. హర్ట్, సన్ హౌస్, స్కిప్ జేమ్స్, మాన్స్ లిప్స్‌కూమ్, రెవరెండ్ గ్యారీ డేవిస్ వాయిస్తుండగా చూడవచ్చు. డేవిస్ అంత క్లిష్టమైన సంగీతాన్ని బొటనవేలు, చూపుడువేలు రెండింటితోనే వాయించడం కంటితో చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. చార్లీ ప్యాటన్, బ్లైండ్ బ్లేక్, రాబర్ట్ జాన్సన్‌లకు అలాంటి చిత్రాలు లేవు. జాన్సన్ 1936, 37లలో రికార్డు చేసిన 29 పాటలే చాలామందిని ఈ దారిలోకి తెస్తాయి, నన్నూ తెచ్చాయి. అయినా చేతులు కనబడే గాయకులతో మొదలుపెట్టమనే నా సలహా. హర్ట్ తరువాత లిప్స్‌కూమ్‌ను తీసుకోండి. ఆయన బొటనవేలు తీగలు మార్చకుండా ఒకే మంద్ర తీగను కొడుతూ పోతుంది. తేలికగా కనిపించే ఆ పద్ధతిలో లయను నిలబెట్టడం నిజానికి ఎక్కువ కష్టం.

వాద్యం గురించి కొద్దిగా చెబితే చాలు. చిన్న బాడీ గిటార్‌కు 12 నుంచి 53 గేజ్ (అంగుళంలో వెయ్యోవంతుల్లో చెప్పే మందం) తీగలు నాకు సరిపోయాయి. సముద్రపు గాలికి మామూలు తీగలు త్వరగా తుప్పు పడతాయి కనుక పూత ఉన్నవే కొంటున్నాను.

ఏ ఫ్రెట్ నొక్కకుండా మీటితేనే జి లేదా డి కార్డ్ మోగేలా శ్రుతి చేసే ఓపెన్ జి, ఓపెన్ డి ట్యూనింగ్‌లకు ఈ తీగలు పనికొస్తాయి. రెండింటిలోనూ తీగలను దించడమే తప్ప పైకి బిగించడం ఉండదు కాబట్టి మెడకు ప్రమాదం లేదు. ఓపెన్ డిలో మూడవ తీగను ఇంకో అరస్వరం దించితే స్కిప్ జేమ్స్ వాడిన మైనర్ ట్యూనింగ్ వస్తుంది. వేలికి గాజు గొట్టం తొడిగి తీగల మీద జార్చే స్లైడ్ పద్ధతికి మాత్రం వదులైన సన్న తీగలు పనికిరావు. ఆ గొట్టం ఫ్రెట్లకు తగిలి చప్పుడు చేస్తుంది. మొదటి రెండు తీగలను కొంచెం లావువి వేసి, తీగల ఎత్తు పెంచిన వేరే గిటార్‌ను దానికోసం కేటాయించండి, ఖరీదైనది అక్కరలేదు.