పెద్ద నవలా, చిన్న కథలా: తీరిక లేని ఏడాదికి ఏది మేలు?

చదవడానికి తీరిక లేదని ఎవరైనా అంటే మనం వెంటనే చెప్పే సలహా ఒకటుంది. నవలల జోలికి పోకండి, కథలు చదువుకోండి, పది నిమిషాల్లో ఒకటి అయిపోతుంది అని. ఈ ఏడాది సరదాకి చదివిన పుస్తకాలను బల్ల మీద పేర్చి చూసుకుంటే ఆ సలహా తలకిందులుగా ఉందనిపిస్తోంది. ఉద్యోగం, ఇంటి పనులు, పిల్లల పరీక్షల మధ్య చివరి పేజీ దాకా వెళ్లినవి లావుపాటి నవలలు. మధ్యలో బస్సు టికెట్టు గుర్తుగా పెట్టుకుని మూతబడి ఉన్నవి కథల సంపుటాలు.

లెక్క సులువే. ఏ రచనకైనా లోపలికి వెళ్లడానికి కొంత శ్రమ ఉంటుంది. ఊరు, మనుషులు, వాళ్ల మాట తీరు, రచయిత చూసే కోణం ఇవన్నీ తలకెక్కాలి. నవలలో ఆ శ్రమ ఒక్కసారి పడితే చాలు. సంపుటిలో ప్రతి ఎనిమిది పేజీలకూ మళ్లీ మొదటినుంచీ పడాలి. అలసిపోయిన మనిషికి కష్టమయ్యేది చదవడం కాదు, కొత్తగా మొదలుపెట్టడం.

'వేయిపడగలు' తీసుకోండి. దాదాపు వెయ్యి పేజీలు. విశ్వనాథ సత్యనారాయణ దీన్ని 1934లో 29 రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారని ప్రసిద్ధి. చెప్పినంత వేగంగా చదవాలన్న నియమమేమీ లేదు కాబట్టి నాకు వేసవి మొత్తం పట్టింది. మొదటి వంద పేజీలు నిజంగానే కష్టం. సుబ్బన్నపేట, కోట, గుడి, వంశాలు, ఎవరికి ఎవరు ఏమవుతారు... ముందున్న ఖాళీ కాగితం మీద పెన్సిలుతో పేర్లు రాసుకుంటూ వెళ్లాను. అది దాటాక మాత్రం రాత్రి భోజనాలయ్యాక పావుగంట దొరికినా సరిపోయేది. ధర్మారావు ఎవరో తెలుసు, గిరిక ఎవరో తెలుసు, పసిరిక పొలాల్లో ఎందుకు తిరుగుతున్నాడో తెలుసు. పుస్తకం తెరవగానే ఊళ్లో ఉంటాం. ధర్మారావు వాదనలు చాలావాటితో నాకు పేచీ ఉంది, వర్ణధర్మం మీద ఆయన చెప్పేది అసలే మింగుడుపడదు. కొన్నిచోట్ల పేజీలకు పేజీలే దాటేశాను. అయినా కథ నొచ్చుకోలేదు, నాలుగు పేజీల తర్వాత నన్ను మళ్లీ కలుపుకుంది. ఎనిమిది పేజీల కథలో రెండు పేజీలు దాటేస్తే ఇక మిగిలేదేముంది? (ఒక ఇబ్బంది ఉందనుకోండి: పడుకుని చదివే అలవాటున్నవాళ్లకు ఇది పనికొచ్చే పుస్తకం కాదు. కునుకు పట్టిందా, గుండెల మీద పడుతుంది.)

దాని వెంటనే 'మాలపల్లి' తీయడం కావాలని చేసిన పనే. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన నవల, 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 'వేయిపడగలు' కంటే పన్నెండేళ్లు ముందుది. అయినా రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే, సుబ్బన్నపేటలో దూరంగా ఉండిపోయిన మాలవాడ, ఈ నవల నడిచే మంగళాపురంలో కథ నడిమధ్యకు వచ్చి కూర్చుంటుంది. రామదాసు ఇంటి మీద ఒకదాని తర్వాత ఒకటిగా దెబ్బలు పడుతుంటే, పగలు ఆఫీసులో కాగితాలు చూస్తున్నా మనసు అక్కడే ఉండేది. సంగదాసు పోయిన తర్వాతి పేజీలను రెండు మూడు రోజులు సాగదీసి చదివాను, ముందుకు వెళ్లడం ఇష్టం లేక. రోజుకు ఇంత చొప్పున చదవడం వల్ల దొరికేది ఇదే. పుస్తకం మూసి ఉన్న గంటల్లో కూడా పుస్తకం నడుస్తూనే ఉంటుంది.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' పరిమాణంలో వీటి ముందు చిన్నది. కానీ పైన చెప్పిన లెక్కకు దీనికంటే మంచి సాక్ష్యం దొరకదు. నిజాం కాలపు తెలంగాణ పల్లె, దొర గడీ, సంగీతం చెప్పుకుని బతుకుదామని ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన పాణి. అక్కడి మాటకు అలవాటు లేని పాఠకులు మొదటి ఇరవై పేజీల్లో కొంచెం తడబడవచ్చు. పాణి కూడా ఆ ఊరికి కొత్తవాడే కాబట్టి అతనితో పాటే మనకూ ఆ మాట, ఆ గడీ భయం అలవాటవుతాయి. ముప్ఫయ్యో పేజీకి వచ్చేసరికి ఇక ఇబ్బంది లేదు. అదే నాలుగు ప్రాంతాల మాండలికాలున్న వార్షిక కథా సంకలనమైతే, ఒక మాటకు చెవి అలవాటు పడేలోపు కథ అయిపోతుంది, తర్వాతి కథ ఇంకో జిల్లాలో మొదలవుతుంది.

అలాగని కథలు తక్కువని కాదు. అసలు ఈ ఏడాది నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది ఏదని అడిగితే చాగంటి సోమయాజులు 'వాయులీనం' పేరే చెబుతాను. కొద్ది పేజీల కథ. భార్య జబ్బు చేసి మంచం పడుతుంది. ఆమెకు ప్రాణమైన వాయులీనాన్ని, అంటే వయొలిన్‌ను, అమ్మి భర్త వైద్యం చేయిస్తాడు, ఆమెకు చీర కొని తెస్తాడు. ఆ చీర దగ్గర నేను ఆగిపోయాను. అతను చెడ్డవాడు కాదు, చేసింది తప్పూ కాదు, భార్య బతికింది. మరి ఆ చీర చూస్తే మనకెందుకు అంత కష్టంగా ఉంటుంది? ఆ ప్రశ్నను పక్కన పెట్టి పేజీ తిప్పి తర్వాతి కథలోకి వెళ్లడం నావల్ల కాలేదు. చదవడానికి పది నిమిషాలే పట్టింది, సాయంత్రమంతా దానికే పోయింది. 'ఎంపు' కూడా అంతే. ముష్టెత్తి బతికే తండ్రి కూతురికి పెళ్లికొడుకును ఎంచే లెక్క విని నవ్వాలో, తల వంచుకోవాలో తెలియదు.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఇంకా గట్టిది. ఊరి పంచాయితీలో ఒక అప్పు గురించి తగవు మొదలై, మెల్లగా ఆ ఊరి బాగు మొత్తం ఎవరి కష్టం మీద నిలబడిందో లెక్క తేల్చేదాకా వెళుతుంది. ఆ కథ ఉన్న 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 'యజ్ఞం' ముగింపు మీద వాదనలు ఇప్పటికీ ఆగలేదు. దీన్ని బస్సులో చదివితే దిగాల్సిన చోటు దాటిపోవడమైనా జరుగుతుంది, కథలోని వాదన సగం జారిపోవడమైనా జరుగుతుంది. గట్టి కథకు కావలసింది పది నిమిషాలు కాదు, దాని తర్వాత ఖాళీగా ఉండే గంట. ఆ గంట ఉన్నవాళ్లనే కదా మనం తీరికున్నవాళ్లు అంటాం.

మరి బస్సులో ఏం చదవాలి? ఒకే ఊరి కథలు, ఒకే లోకపు కథలు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' వారపత్రికలో వచ్చాయి కాబట్టి ఒక్కొక్కటీ నాలుగైదు పేజీలకు మించదు. మొత్తం వంద. ఊరు అదే, గుడి అదే, కృష్ణ అదే, మనుషులే మారతారు. నవల ఇచ్చే పరిచయం, కథ ఇచ్చే ముగింపు రెండూ ఒక్క ప్రయాణంలో దొరుకుతాయి. వందా వరసపెట్టి చదివితే మాత్రం తీపి ఎక్కువైనట్టు ఉంటుంది, రోజుకు రెండు చాలు. ఆ తీపికి విరుగుడుగా రావిశాస్త్రి 'ఆరు సారా కథలు' పక్కన పెట్టుకోవచ్చు. పోలీసులు, ప్లీడర్లు, సారా వ్యాపారం చుట్టూ తిరిగే మనుషులు. మొదటి కథతో ఆ కోర్టు లోకం అర్థమైతే మిగతావాటికి అదే పరిచయం పనికొస్తుంది.

పెద్ద నవలలను ముక్కలుగా చదవడం మనకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు వారపత్రికల సీరియళ్లతోనే తెలుగిళ్లలో నవల పెరిగింది. పొద్దంతా వంటింట్లో ఉన్న ఆడవాళ్లు వారానికి నాలుగు పేజీల చొప్పున నెలల తరబడి చదివారు. 'సశేషం' దగ్గర ఆగి, మళ్లీ వారం ఎదురుచూసి, అన్నీ అయ్యాక ఆ పేజీలు చించి బైండు చేయించుకుని దాచుకున్నారు. వాళ్లకంటే తీరిక తక్కువైనవాళ్లం మనం కాదేమో.

నవలకు ఉన్న అసలు ప్రమాదం మధ్యలో వచ్చే విరామం. పది రోజులు ముట్టకపోతే పేర్లు మసకబారతాయి, ఇరవై రోజులైతే మళ్లీ వెనక్కి వెళ్లాలి, నెల దాటితే పుస్తకం అలమరలోకి పోతుంది. ఊళ్లు తిరిగే ఉద్యోగమున్నవాళ్లకూ, ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లకూ నేను 'వేయిపడగలు' చెప్పను. వాళ్లకు 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం చెబుతాను. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయలుదేరినవాడి ప్రయాణం కాబట్టి, ఎక్కడ ఆపినా అతను ఇంకా దారిలోనే ఉంటాడు. మళ్లీ ఎప్పుడు తెరిచినా ఏదో ఒక తిప్పలు పడుతూనే ఉంటాడు.

ఎన్ని పుస్తకాలు చదివామన్నదే ముఖ్యమైతే నా మాట వినకండి. ఏడాది చివర అంకె పెద్దదిగా కనిపించాలంటే పల్చటి పుస్తకాలే దారి. నాకైతే పనిరోజుల రాత్రులకు నవల, ప్రయాణానికి ఒకే ఊరి కథలు, సెలవు రోజు మధ్యాహ్నానికి ఒకే ఒక్క గట్టి కథ. ఇవేవీ కుదరని వారాలకు రావిశాస్త్రి 'అల్పజీవి' ఉంది. చిన్న నవల, ఒకే ఒక్క పిరికి గుమాస్తా సుబ్బయ్య, గుర్తుపెట్టుకోవడానికి వంశవృక్షాలేవీ లేవు. శుక్రవారం రాత్రి మొదలుపెడితే ఆదివారానికి అయిపోతుంది.